నోరు మెదపని పుస్తకం

అరుంధతి గారిని ఏదైనా అడిగితే సూటిగా జవాబు చెప్పరు, చెప్పులు వేసుకోమంటారు. ఆవిడ వెంట ఎక్కడికో నడిచి వెళ్ళేసరికి జవాబు మనకంటే ముందే అక్కడికొచ్చి కూర్చుని ఉంటుంది. విశాఖలో మా కంపెనీ మరపడవల్లో బిగించే వాతావరణ హెచ్చరికల తెరకు సాఫ్ట్‌వేర్ చేస్తుంది. దాన్ని ఎలా వాడాలో చెప్పే పుస్తకాలు రాయడం మా పని, రాయించడం ఆవిడ పని. ఎదురుగా మేడం అంటాం, చాటున గురువుగారంటాం.

ఈసారి పుస్తకం రాసినవాడు త్రినాథ్. రాశాడంటే తక్కువ, కన్నాడు. అంతా వెబ్ పేజీగా చేశాడు: బొమ్మలు కదులుతాయి, వేలు పెడితే తెలుగులో చదివి వినిపిస్తుంది. ఇకపై ఆఫీసులో చక్రం తిప్పేది తానేనని క్యాంటీన్‌లో ప్రకటించాడు కూడా. పడవలు వేటకు బయల్దేరే ముందు అది వాటిని నడిపే సరంగులకు అందాలి. "మేడం, పీడీఎఫ్ కూడా ఇవ్వాలా? ఇంత పేజీ ఉండగా ఆ పాతచింతకాయ పచ్చడి ఎందుకు?" అని అడిగాడు.

ఆవిడ చెప్పులు వేసుకోమన్నారు.

మర్నాడు పొద్దున్నే త్రినాథ్‌ను వెంటబెట్టుకుని సరంగు నూకరాజు పడవ ఎక్కారు. ఎక్కేముందు ఒకటే షరతు. పడవలో ఎవరేం అడిగినా త్రినాథ్ నోరు మెదపకూడదు. చెప్పాల్సిందేదైనా పుస్తకమే చెప్పాలి.

ఒడ్డు కనుమరుగయ్యాక వల దించారు. వల నిండుతున్న వేళ తెర కుయ్యిమంది. చూస్తే ఎర్రటి త్రికోణం. అది తుఫాను హెచ్చరికైతే ఉన్నపళంగా వెనక్కి తిరగాలి. కాకపోతే ఆ రోజు వేట దక్కుతుంది. నూకరాజు తన ఫోనులో త్రినాథ్ పేజీ తెరిచాడు. సిగ్నల్ ఎప్పుడో ఒడ్డునే దిగిపోయింది. తెల్లటి పేజీ మధ్యలో చిన్న చక్రం తిరగడం మొదలెట్టింది. మావాడు అన్నమాట నిలబెట్టుకున్నాడు.

నూకరాజు కాసేపు దాన్నే చూశాడు. "ఏటి బాబూ, మీ పుస్తకం కూడా వలేసి కూకుందా?" అన్నాడు. జవాబు రాకపోయేసరికి కళాసీల వైపు తిరిగి వల లాగేయమన్నాడు.

ఆ త్రికోణం అర్థం త్రినాథ్‌కు తెలుసు. రాసింది తనే, బొమ్మ వేసిందీ తనే. గురువుగారి వైపు చూశాడు. ఆవిడ కెరటాలు చూస్తున్నారు. వల సగం పైకొచ్చేసరికి ఇక ఆగలేకపోయాడు. అది తుఫాను కాదు, తుఫానుకైతే గుండ్రం వస్తుంది, త్రికోణమంటే బ్యాటరీ వైరు వదులైందని ఒక్క ఊపిరిలో చెప్పేశాడు.

వైరు బిగించగానే కూత ఆగింది. వల మళ్ళీ దిగింది. సాయంత్రం పడవ నిండా వంజరాలతో ఒడ్డు చేరారు. నూకరాజు ఓ చేపను త్రినాథ్ చేతిలో పెట్టి, పుస్తకమంతా ఈ బాబు బుర్రలోనే ఉందని రేవంతా చెప్పుకొచ్చాడు. మావాడి ఛాతీ ఉబ్బింది గానీ, మాట మీరానన్న బెంగ లోపల ఉంది. క్షమించమనబోతే ఆవిడ అన్నారు:

"నువ్వు మీరావులే. నోరు మెదపొద్దన్న నా మాటను నీ పుస్తకం మాత్రం అక్షరాలా పాటించింది."

ఆ చేప మేమే తిన్నాం, త్రినాథ్‌కు సహించలేదు. పేజీని తీసెయ్యలేదు, ఒడ్డున నేర్చుకునేవాళ్ళకు అలాగే ఉంచాడు. సముద్రం మీదకు, ముందే ఫోనులో దించుకునేలా చిన్న పీడీఎఫ్ చేశాడు. తడి చేతులతో ఫోను తీయలేని వాళ్ళ కోసం ఎర్ర బొమ్మల అర్థాలన్నీ ఒక్క అట్ట మీద అచ్చువేయించి, ప్లాస్టిక్ పొర తొడిగి, తెర పక్కనే వేలాడదీయించాడు. పన్లో పని వర్డ్ ఫైలు కూడా ఇచ్చేద్దామా అని నేనంటే, "ఎవరికోసం?" అన్నాడు, అచ్చం గురువుగారిలా.

మళ్ళీ అదే పడవ, అదే షరతు. నడిసంద్రంలో తెర కూసింది. వైరు ఈసారి ఎవరు వదులు చేశారో గురువుగారిని అడగలేదు. అడిగితే చెప్పులు వేసుకోమంటారు. నూకరాజు అట్ట వైపు ఓ చూపు చూసి, వైరు బిగించి, చుట్ట ముట్టించుకున్నాడు. త్రినాథ్ అనేవాడొకడు పడవలో ఉన్నాడన్న ధ్యాస కూడా అతనికి లేదు. త్రినాథ్ పెదవి కదపలేదు. రేవులో దిగేదాకా పీటల మీద పెళ్ళికొడుకులా నిటారుగా కూర్చున్నాడు.

గట్టెక్కాక గురువుగారు అతని భుజం తట్టారు.

"ఇవాళ బాగా మాట్లాడావు, నాయనా."