ఏడాదికోసారి దెబ్బలు తినే రాజు

అనగనగా పొన్నగిరి అని ఒక రాజ్యం. అక్కడ రాజుకి ఏడాదికోసారి దెబ్బలు పడేవి. నవ్వకండర్రా, నిజంగానే! పట్టాభిషేకం జరిగిన రోజు వచ్చిందంటే చాలు, రాజు కిరీటం తీసి పక్కన పెట్టి, సింహాసనం దిగి, నిండుసభలో పీట మీద కూర్చునేవాడు. ఆ ఏడు ఆయన వల్ల అన్యాయం జరిగినవాళ్లు ఎవరైనా సరే వచ్చి, వేపబరికెతో వీపు మీద ఒక్కటి వేసి, తమ గోడు చెప్పుకునేవాళ్లు. రాజు దాన్ని సరిదిద్దేవాడు. రాజుకి కూడా అడిగేవాళ్లుండాలని తాతముత్తాతలు పెట్టిన పద్ధతి అది.

ధీరసేన మహారాజు కొలువులోకి గండకంటకుడనే మాంత్రికుడొకడు వచ్చి చేరాడు.

"ఎంత చోద్యం మహాప్రభూ! ఏ కాలం నాటి ముచ్చట్లివి? తమంతటివారిని ఎవరో కొట్టడమా? 'నన్నడిగేవాడెవడు' అని ఒక్కసారి అనండి. తక్కింది నేను చూసుకుంటాను" అన్నాడు.

రాజుకి ఆ మాట తెగ నచ్చింది. అనేశాడు. అలవాటైంది, రోజూ అంటూ వచ్చాడు.

ఆ ఏడు రాజుగారి వేటగుర్రాలు పోలమ్మ అనే ముసలమ్మ జొన్నచేను తొక్కేశాయి. పోలమ్మ సభకి వచ్చి చూస్తే పీట లేదు, బరికె లేదు. పాపం బిక్కమొహం వేసుకుని నిలబడింది. మంత్రిగారమ్మాయి మందారిక అది చూసి లేచి, "పీట ఏదండీ మహారాజా?" అని అడిగింది. మాంత్రికుడు మంత్రదండం ఎత్తాడు. అంతే! నిలబడ్డ పిల్ల నిలబడ్డట్టే రాయైపోయింది.

రాజుగారి మూడో కొడుకు సుమేధుడికి గుండె ఆగినంత పనైంది. మందారికని పెళ్లాడాలని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాడు మరి. అంతకన్నా ఘోరం ఏమిటంటే, సభంతా చప్పట్లు కొట్టింది. ఇంకా ఘోరం, ఆ కొట్టే చేతుల్లో తన చేతులూ ఉన్నాయి! భయానికి వాటంతటవే కొట్టేస్తున్నాయి. సుమేధుడు తన చేతుల వంక తనే నోరు తెరుచుకుని చూశాడు.

మాంత్రికుల ప్రాణం ఎక్కడుంటుందో మీకు నేను చెప్పాలా? ఏడు సముద్రాల అవతల, చిలకలో. అన్నదమ్ములు ముగ్గురూ బయలుదేరారు.

ఒడ్డున కొండంత తాబేలు ఉంది. పెద్దవాడు ఇనుపనాడాల చెప్పులతో టకటకా దాని వీపెక్కాడు. "అబ్బా, నొప్పి! అడక్కుండా ఎక్కావేం?" అంది తాబేలు. "రాజకుమారుణ్ణి, నన్నడిగేదానివా?" అన్నాడు. తాబేలు బుడుంగున మునిగింది. తడిబట్టలతో ఇంటిదారి పట్టాడు. రెండోవాడూ ఎక్కాడు, అదే మాట అన్నాడు, అలాగే తడిసి వెళ్లాడు.

సుమేధుడు ఏం చేశాడంటారు? తొందరలో అతనూ అడక్కుండానే ఎక్కాడు! "అబ్బా!" అంది తాబేలు. అతను అదిరిపడి కిందికి దూకాడు. చెప్పులు విప్పి, వీపు వంచి, "తప్పైపోయింది, నాకూ ఒక్కటి వెయ్యి" అన్నాడు. తాబేలు ముంగాలితో ఒక్కటి వేసింది. ఇసకలో బోర్లా పడ్డాడు.

"ఇప్పుడెక్కు నాయనా" అని తాబేలు అతన్ని ఏడు సముద్రాలూ దాటించింది.

అవతల ఒక టేకుచెట్టు తొర్రలో చిలక. కోడిపెట్టంత ఉంది! సుమేధుడు చెయ్యి చాపేసరికి, "నన్నడిగేవాడెవడు?" అంది. అది అచ్చం నాన్నగారి గొంతు!

గబుక్కున పీక పట్టుకుని నులిమాడు. మెడ గిర్రున తిరిగి మళ్లీ యథాస్థానానికి వచ్చింది.

"మీ నాన్న ఆ మాట అన్నప్పుడల్లా నాకు కడుపు నిండుతుంది. అది ఆగేదాకా నాకు చావు లేదురా అబ్బాయ్" అని చిలక పకపకా నవ్వింది.

సుమేధుడు కొయ్యబారిపోయాడు. ఇన్ని సముద్రాలు దాటి వచ్చింది మాంత్రికుడి కోసం. తీరా చూస్తే దొంగ తన ఇంట్లోనే ఉన్నాడు! చిలకని ఉత్తరీయంలో చుట్టి, తాబేలెక్కి తిరిగొచ్చాడు.

మందారిక అడగ్గానే రాయైపోవడం చూశాడు కదా, మాంత్రికుడి మంత్రం అడిగినవాళ్ల మీదే పారుతుందని అతనికి అర్థమైంది. అందుకని సభలో ఎవర్నీ ఏమీ అడగలేదు. పోలమ్మని పిలిపించి, తనే పీట తెచ్చి వేసుకుని కూర్చుని, ఆమె చేతిలో బరికె పెట్టాడు.

"నాకు భయం బాబూ" అంది పోలమ్మ.

"కొట్టవ్వా. ఆ రోజు నీకు అన్యాయం జరుగుతుంటే చప్పట్లు కొట్టాను నేను."

పోలమ్మ కళ్లు మూసుకుని ఒక్కటి వేసింది. ఆ చప్పుడుకి చిలక ఉలిక్కిపడి, "నన్నడిగేవాడెవడు!" అని అరిచింది.

రాజు మొహంలో నెత్తురు చుక్క లేదు. తన గొంతు అంత వికారంగా ఉంటుందని ఆయన కలలో కూడా అనుకోలేదు.

"ఇది... నేనా?" అన్నాడు.

కిరీటం తీశాడు. వచ్చి పీట మీద కూర్చుని, "అడుగు తల్లీ" అన్నాడు. "నా జొన్నచేను!" అంటూ పోలమ్మ ఫెడీమని ఒక్కటేసింది. చిలక ఎండుకాయలా ముడుచుకుపోయింది. మాంత్రికుడు ఉన్నచోటే కుప్పకూలాడు. రాయిగా ఉన్న మందారిక కళ్లు విప్పింది.

తర్వాత పెళ్లి బాజాలు, పట్టాభిషేకం! సుమేధుడు చాలా ఏళ్లు చల్లగా ఏలాడు, ప్రతి ఏడూ పీట మీద కూర్చున్నాడు. ఒక ఏడు మాత్రం కొట్టడానికి ఒక్కరూ రాలేదు. సభలో అంతా నిశ్శబ్దం. "ప్రభువుల పాలనలో అన్యాయమే లేదు!" అని మంత్రులు మిఠాయిలు పంచారు.

సుమేధుడికి అనుమానం వచ్చింది. పరుగున కోటవాకిలికి వెళ్లి చూస్తే, బయట బోలెడు జనం!

"మీ వీపు నొప్పి పుడుతుందని మేమే ఆపేశాం దొరా, ప్రేమకొద్దీ" అన్నారు కాపలావాళ్లు.

మాంత్రికుడూ లేడు, చిలకా లేదు, అయినా ఇంత పని జరిగింది! సుమేధుడు పీటని వీధిలోనే వేయించి కూర్చున్నాడు. ఆ సాయంత్రం మందారిక ఆయన వీపుకి వెన్న రాస్తూ, "బాగా నొప్పిగా ఉందా?" అని అడిగింది.

"పొద్దుటి నిశ్శబ్దం కంటే నయమే" అన్నాడు రాజు.