విప్పులమ్మ ముందు ఎడమచేయి

గోదావరి పాయల నడుమ ఉన్న పలుపుల లంకకు చేరాలంటే పడవ ఒక్కటే దారి. ఇసుకమేట దాటి, రెల్లుపొదల మధ్య నడిచి వచ్చిన భక్తులకు ముందుగా కనిపించేది గోపురం కాదు, పలుపులు. పశువులను కట్టే ఆ తాళ్లు పాతవీ కొత్తవీ గుడి చుట్టూ దండేల నిండా వేలాడుతుంటాయి. గర్భగుడిలో విగ్రహం లేదు. నడుమెత్తు ఉన్న ఒక నల్లరాతి కట్టుగుంజ, దాని చుట్టూ తాడు ఒరిపిడికి పడినట్టున్న ఒక గాడి. ఆమే విప్పులమ్మ తల్లి. మిగతా గుళ్లలో ముడుపు కడతారు. ఇక్కడ మాత్రం తెచ్చిన పలుపును ఆ రాతికి కట్టి, ముడి విప్పుకుని వెళతారు. అదీ ఎడమచేత్తో. ప్రసాదానికి ఎడమచేయి చాపితేనే పెద్దలు కసురుకునే ఈ ప్రాంతంలో అటువంటి ఆచారం ఎలా వచ్చిందని కొత్తవారు తప్పకుండా అడుగుతారు.

పూర్వం ఇక్కడ గుడి లేదు. కొద్దిపాటి పాకలు, వాటి చుట్టూ పశువులు, దోసపాదులు ఉండేవి. ఆ పాకల్లో ఒకదానిలో గవరయ్య అనే వృద్ధుడు, తల్లీతండ్రీ లేని తన మనవరాలు వరాలును పెంచుకుంటూ ఉండేవాడు. వారికి ఉన్నదల్లా ఒక పుల్లావు. దాని వెనకనుంచి పలకరించకుండా వెళ్లకూడదని, దూడ తాగగా మిగిలినవే మన పాలని, చేతిలో కర్ర అదిలించడానికే గాని కొట్టడానికి కాదని ఆయన మనవరాలికి రోజూ చెప్పేవాడు. చెప్పడం కన్నా, చేసి చూపడమే ఎక్కువ.

గవరయ్యది ఎడమచేతి వాటం. పశువును ఎప్పుడూ జారుముడితోనే కట్టేవాడు. పశువు ఊరికే మెడ ఆడిస్తే ఆ ముడి ఊడదు, ప్రాణభయంతో గుంజితే మాత్రం నిలవదు. లంకలో అందరూ పీటముళ్లే వేసేవారు గనుక ఆయనను చూసి నవ్వుకునేవారు. నమ్మరాని మాట ఎవరైనా అంటే, అది గవరయ్య ముడిలే అని ఎకసెక్కమాడేవారు. చిన్నతనంలో వరాలు తన చిట్టిచేతులతో దూడను కడితే, అది గంతు వేసి పారిపోయేది. వరాలు ఏడుపుముఖం పెట్టి, “ఊడింది తాతా” అనేది.

“ఊడాలనేగా కట్టాం అమ్మడూ,” అనేవాడు ఆయన. “దాని ప్రాణం మీదికొచ్చిన రోజున మన పలుపు అడ్డం రాకూడదు.”

గవరయ్య కాలం చేశాడు. వరాలు ఎదిగింది, ముడి మానలేదు. ఒక ఆషాఢమాసంలో ఉరుముకు బెదిరిన పుల్లావు పలుపు ఊడదీసుకుని, అబ్బులు అనే రైతు దోసపాదుల్లో పడింది. ఆయన చెడ్డవాడు కాదు. అయితే పండించిన పాదులు కళ్లెదుట మట్టిలో కలిసిపోతే ఎవరి నోరు మాత్రం ఊరుకుంటుంది? “నీ తాత నీకు పశువుని కట్టడం నేర్పలేదే పిల్లా, వదిలెయ్యడం నేర్పాడు,” అని పదిమందిలో అనేశాడు. తనను ఏమన్నా వరాలు పడి ఉండేది. తాతను అనేసరికి తల కొట్టేసినట్టయింది. మర్నాడు పుల్లావును గుంజకు పీటముడి వేసి, మీద ఇంకో ముడి బిగించింది. అలా కడుతుంటే ఆవు తన చెయ్యి నాకిందని ఆమె తర్వాత ఎన్నోసార్లు చెప్పుకుని ఏడ్చింది.

ఆ రోజు సంత. లంకవారంతా పశువులను కట్టేసి పడవలమీద అవతలి ఒడ్డుకు వెళ్లారు. ఇక్కడ చినుకు కూడా పడలేదు. ఎగువన కొండల్లో కురిసిన వాన మధ్యాహ్నానికి ఎర్రనీరై వచ్చి పడింది. తెడ్డు వెయ్యడానికి సరంగులు సాహసించలేదు. సాయంత్రానికి లంకలో పాకల కప్పులు మాత్రమే కనిపించాయి. అబ్బులు తన ఎడ్లను తలచుకుని కూలబడిపోయాడు. వరాలు ఒడ్డున మోకాటిలోతు నీటిలో నిలబడి తన రెండు చేతులవంకా చూసుకుంది.

“తాతా, ముడి నేనే బిగించాను. నీ చేత్తో నువ్వే విప్పాలి,” అంది.

ఆ మాట అన్న కాసేపటికి నది మధ్యలో ఒక తల కనిపించింది. పుల్లావు. దాని వెనక ఇంకొకటి, ఆ వెనక లంకలోని పశువులన్నీ, సంజవెలుగులో కొమ్ములు మెరుస్తూ, వరసకట్టి ఈదుకుంటూ వస్తున్నాయి. గోదావరి అంత ఉరవడిలోనూ ఆ వరస చెదరలేదు. ఒడ్డునున్నవారిలో దండం పెట్టాలని కూడా ఎవరికీ తోచలేదు. పశువులు ఒడ్డెక్కాక చూస్తే ఒక్క పలుపూ తెగలేదు. ప్రతి పలుపు కొసనా జారుముడి మెలిక మిగిలి ఉంది. పీటముళ్లు వేసినవారే వంగి ఆ మెలికలను చూశారు. కుడిచేతివాళ్లు వేసే మెలిక కుడివైపుకు తిరుగుతుంది. ఇవన్నీ ఎడమవైపుకు తిరిగి ఉన్నాయి.

వరాలు పుల్లావు మెడ కావలించుకుని, “ఊడింది తాతా,” అంది.

వరద తీశాక లంకలో కర్రగుంజ ఒక్కటీ మిగలలేదు. పుల్లావును కట్టిన చోట మాత్రం ఈ నల్లరాయి నిలిచి ఉంది. అమ్మవారే గవరయ్య రూపంలో వచ్చిందని పూజారులు అంటారు. గవరయ్యే వెళ్లి అమ్మవారిని నిద్రలేపి తీసుకొచ్చాడని లంకవారు అంటారు. రెండింటిలో దేనికీ తల్లి ఇంతవరకు అభ్యంతరం చెప్పినట్టు లేదు. మొదటి దీపం పెట్టినవాడు మాత్రం అబ్బులేనని అందరూ ఒప్పుకుంటారు.

కోర్టు తగాదాలతో, పెళ్లి చిక్కులతో, మాటలు లేని అన్నదమ్ములతో నేటికీ భక్తులు వస్తూనే ఉన్నారు. పనులు పీటముడి పడినవారికి తల్లి దారి చూపుతుందని ప్రతీతి. ఇంట్లో నోరులేని జీవాన్ని కొట్టి వచ్చినవాడికి మాత్రం ఇక్కడ ముడి కదలదట. చుట్టుపక్కల ఊళ్లలో గవరయ్య ముడి అంటే ఇప్పుడు తిరుగులేని మాట అని అర్థం.

లంకలో పుట్టిన దూడలను ఆషాఢంలో ఇక్కడికి తెస్తారు. ఇంటి తాతో అమ్మమ్మో ఎడమచేత్తో మొదటి పలుపు కడతారు, మనవలు దాన్ని లాగుతారు. ఈ సన్నిధిలో వేరే మంత్రం లేదు. ఆ పసివాళ్లు “ఊడింది తాతా” అన్నాకే పూజారి హారతి వెలిగిస్తారు.