గుడ్ల కోసం కొన్న పెద్ద బండి

గూటాలపాడులో తెలివి ఎవరింట్లో ఉందని అడిగితే ఊళ్ళోవాళ్ళు మొహమాటపడి పక్కింటి వైపు చూస్తారు. తాతబ్బాయి ఇంట్లో ఆ మొహమాటం లేదు. తాతబ్బాయి, ఆయన భార్య మాణిక్యం, తమ్ముడు అబ్బులు, ముగ్గురూ ఒక్కసారే చెయ్యెత్తుతారు. ఎత్తిన చెయ్యి ఎవరైనా దించమనేదాకా దించరు కూడాను.

వాళ్ళ తెలివికి ఒక పద్ధతుంది. చెప్పింది చెప్పినట్టు చెయ్యాలి, అంతే. ఓ రోజు మాణిక్యం, "పాలు పొంగేదాకా చూస్తా ఉండు మరిదీ" అని పెరట్లోకి వెళ్ళింది. అబ్బులు చూశాడు. పాలు పొంగాయి. పొయ్యి మీద పడ్డాయి. పొయ్యి ఆరిపోయింది. అంతా అయ్యాక అబ్బులు తృప్తిగా లేచి వెళ్ళిపోయాడు. మాణిక్యం తిరిగొచ్చి, పొంగేదాకా చూశావా అని అడిగి, చూశానంటే మెచ్చుకుంది. ఆ పూట ముగ్గురూ కాఫీ లేకుండా ఒకళ్ళ తెలివిని ఒకళ్ళు పొగుడుకుంటూ కూర్చున్నారు.

ఇంత తెలివి ఉన్నా తాతబ్బాయికి మనసులో ఒక వెలితి. "నీదయ్యా బుర్రంటే" అన్న మాట ఇంట్లోవాళ్ళు రోజూ అంటారు. బయటివాడు ఒక్కడూ అనలేదు. ఆ మాట ఒక్కసారి పరాయి మనిషి నోట వింటే చాలు, ఇంక ఈ జన్మకి ఏమీ అక్కర్లేదనుకునేవాడు పాపం.

వాళ్ళు కోళ్ళు పెంచుతారు. గుడ్లన్నీ పక్క టౌనులో దొరబాబు అనే ఆయనకి వేస్తారు. పెళ్ళిళ్ళకీ, మీటింగులకీ వంటలు చేయించే కాంట్రాక్టరు ఆయన. గుడ్లు పోలయ్య ఆటోలో వెళ్ళాలి, ఆటో కాలవగట్టు రోడ్డు మీద వెళ్ళాలి. ఆ రోడ్డులో గతుకులు లేని చోటు వెతకాలంటే దిగి నడవాలి. ఇంకేముంది, చేరేసరికి సగం గుడ్లు చితికిపోయేవి. ఓ రోజు దొరబాబుకి విసుగొచ్చింది.

"ఏవయ్యా తాతబ్బాయ్, నువ్వు పంపించేవి గుడ్లా, గుడ్ల సొనా? వచ్చే ఆదివారం నాకు పెద్ద భోజనాలున్నాయి. గుడ్డు పగలకుండా తెచ్చావా, ఏడాది పొడుగునా నీ దగ్గరే కొంటాను. పగిలాయా, ఇంక నా గుమ్మం తొక్కకు."

"తొక్కనండి. దాటుకుని వస్తానండి ఆయ్" అన్నాడు తాతబ్బాయి.

ఏడాది పొడుగునా బేరమంటే మాటలా? ఇల్లు గడిచిపోతుంది. ఆ బేరం పోతే ముగ్గురు మనుషులూ ఇన్ని కోళ్ళూ ఏం తిని బతకాలి? ముగ్గురూ ఆలోచించారు. పగలకుండా తేవాలంటే మంచి బండి కొనాలని తేల్చుకుని పాత బండ్లు అమ్మే బాషా షెడ్డుకి బయల్దేరారు.

బాషా మంచివాడే. కాకపోతే ఆయనకో అలవాటు. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడు. దేనితోనో పోల్చి గానీ నోరు విప్పడు. అలాంటి మనిషి దగ్గరికి, పోలిక అనేది ఒకటుంటుందని ఎరగని ముగ్గురు వెళ్ళారు. తరవాత జరిగిందంతా బాషా పాపమో వీళ్ళ పుణ్యమో మీరే తేల్చుకోండి.

షెడ్డులో రెండు పికప్ ట్రక్కులున్నాయి. ఒకటి తేలిక సరుక్కి పనికొచ్చే చిన్న బండి, ఇంకోటి రాళ్ళూ ఇనుమూ మోసే పెద్ద బండి.

"రంగు చూడకండి, సీట్లు చూడకండి. కింద చాసిస్ చూడండి" అన్నాడు బాషా. "బండికి వెన్నెముక అదేనండి."

అబ్బులు వెంటనే రెండు బండ్ల కిందా దూరి, బొటనవేలితో అక్కడక్కడా నొక్కి, "ఇక్కడేమైనా నొప్పుందా?" అని అడిగొచ్చాడు. "ఏమీ అనట్లేదన్నయ్యా. ఓర్చుకుంటున్నట్టున్నాయి" అన్నాడు.

బాషా తల గోక్కున్నాడు. ఇంకాస్త సులువుగా చెబుదామనుకున్నాడు. "వెన్నెముక వదిలెయ్యండి. నిచ్చెన అనుకోండి. రెండు పొడుగు కమ్మీలు, మధ్యలో అడ్డపట్టీలు. దాన్ని పడుకోబెట్టి పైన బండి కట్టారన్నమాట."

తాతబ్బాయి మొహం వెలిగింది. "నిచ్చెనైతే మాకుందండి. అది తీసేసి మిగతాది ఇచ్చెయ్యండి."

"నిచ్చెన తీసేస్తే బండి నిలబడదండీ."

"మాదీ నిలబడదండి. గోడకి ఆనించాలి."

అబ్బులు సైకిలెక్కి ఊళ్ళోకి పోయి ఇంట్లో వెదురు నిచ్చెన భుజాన వేసుకొచ్చాడు. తెచ్చి రెండు బండ్ల మధ్యా పరిచాడు. ముగ్గురూ బోర్లా పడుకుని మూడు నిచ్చెనల్నీ పోల్చి చూశారు. మెట్ల దగ్గర తమదే మేలని తేలింది. బండ్ల నిచ్చెనలకి కొబ్బరాకు తగిలే ఎత్తు కూడా లేదు.

బాషాకి అప్పటికే మధ్యాహ్నం భోజనం వేళ దాటిపోయింది. అయినా బేరం కదా, ఓపిక పట్టాడు. "సరే వినండి. చిన్నబండి కమ్మీ దోనెలాగా ఒక పక్క తెరిచుంటుంది. రేకు పల్చన. గతుకులో పడితే కాస్త మెలితిరిగి సర్దుకుంటుంది, కొత్త కోడలిలా. పెద్దబండి కమ్మీ అలా కాదు. నాలుగు పక్కలా మూసేసిన పెట్టె. ఉక్కు మందం, అడ్డపట్టీలూ ఎక్కువే. ఎంత బరువేసినా వంగదు, ముసలి మావగారిలా."

మాణిక్యం ఇంతసేపూ ఊరుకుంది గానీ ఇప్పుడు ముందుకొచ్చింది. సంసారం తెలిసిన మనిషి కదా. "కొత్త కోడలు వద్దండి. నాకున్నది ఒక్క వంటిల్లు. అందులో ఇద్దరం ఇమడలేం. మావగారైతే నాకలవాటే. పొద్దున్నే కాఫీ ఇస్తే రోజంతా గొడవుండదు. ఆ పెద్దదే ఇవ్వండి. పెట్టె తాళం మర్చిపోకండేం?"

"ఏ పెట్టె తాళమమ్మా?"

"కమ్మీ పెట్టె అన్నారుగా. తాళం లేని పెట్టె ఎవరికి కావాలి?"

బాషా తన సైకిల్ తాళం తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. ఆ పూటకి ఆయన చేసిన తెలివైన పని అదొక్కటే. కానీ పంపించేస్తూ ఊరుకోలేకపోయాడు. ఇంకో మాట చెప్పాడు.

"ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఇది పెద్ద బరువుకి కట్టిన బండి. ఖాళీగా తోలితే తుళ్ళిపడుద్ది. నిండా బరువేస్తే పాలు తాగిన పసిపిల్లాడిలా కుదురుగా ఉంటాది."

ఇంటికి వస్తుంటే అబ్బులే తోలాడు. ట్రాక్టరు తోలిన చెయ్యి. ఖాళీ బండి నిజంగానే తుళ్ళింది. తుళ్ళినప్పుడల్లా ముగ్గురి తలలూ పైన రేకుకి కొట్టుకున్నాయి. వెనక వేసిన వెదురు నిచ్చెన ఎగిరి కాలవలో పడింది. ముగ్గురూ బొప్పులు తడుముకుంటూ ఎంతో సంతోషించారు. బాషా ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు మరి.

మర్నాటి నుంచీ మాణిక్యం పొద్దున్నే కాఫీ కలిపి బండి ముందు జాలీలోంచి పోసేది, తల మీద కొంగు కప్పుకుని. మావగారి ముందు ఆవిడకది అలవాటు. అబ్బులు బండి కింద దూరి చాసిస్‌కి నువ్వుల నూనె మర్దన చేసి, పాత పంచె చింపి కట్టు కట్టాడు. బండి ఒక్క మాట అనలేదు. మావగారికన్నా నయమని మాణిక్యం ఊరంతా చెప్పుకుంది.

శనివారం వచ్చింది. గుడ్ల ట్రేలన్నీ వాకిట్లో పేర్చారు. మొదటి ట్రే ఎక్కించబోతుంటే తాతబ్బాయి "ఆగు" అన్నాడు. ఒక గుడ్డు తీసి అరచేతిలో పెట్టుకుని ఎగరేసి పట్టుకున్నాడు.

"ఇదేం బరువురా? చేతికి తెలియనే తెలియట్లేదు. ఇవెక్కిస్తే బండి ఖాళీగా ఉన్నట్టే. ఖాళీగా ఉంటే ఏమవుద్ది?"

"తుళ్ళుద్ది" అన్నాడు అబ్బులు.

"మరి? ముందు బరువెయ్యాలి."

వాళ్ళ నాన్న ఎప్పుడో కొత్త ఇంటి పునాదికని తెప్పించిన నల్లరాళ్ళు పెరట్లో పడున్నాయి. ఇల్లు కట్టలేదు గానీ రాళ్ళు మాత్రం దొంగలెత్తుకుపోకుండా మిగిలాయి. ఇంకేముంది, ముగ్గురూ నడుములు బిగించి సాయంత్రం దాకా రాళ్ళెక్కించారు. అంచుల దాకా నింపారు. బండి కిందికి దిగి కుదురుగా కూర్చుంది. తాతబ్బాయి పట్టుకుని ఊపాడు. కదల్లేదు.

"పాలు తాగిన పసిపిల్లాడే" అన్నాడు మురిసిపోతూ.

"బాగానే ఉంది గానీ, గుడ్లెక్కడ పెడదామండీ?" అంది మాణిక్యం.

తాతబ్బాయి అరుగు మీద కూర్చుని వేళ్ళు ముడుస్తూ చెప్పాడు. ఆయన జీవితంలో అంత తెలివిగా ఎప్పుడూ మాట్లాడలేదు. "గుడ్లు పెట్టాలంటే రాళ్ళు దించాలి. రాళ్ళు దించితే బండి తుళ్ళుద్ది. తుళ్ళితే గుడ్లు పగుల్తాయి. కాబట్టి గుడ్లు పగలకూడదంటే, ఈ బండిలో గుడ్లు ఎక్కించకూడదు."

మాణిక్యం కళ్ళు చెమర్చాయి. "మీదండీ బుర్రంటే" అంది. అబ్బులు పరిగెత్తుకెళ్ళి పోలయ్య ఆటోని పిలుచుకొచ్చాడు.

ఆదివారం పొద్దున్నే రెండూ బయల్దేరాయి. ముందు రాళ్ళబండి, వెనక గుడ్ల ఆటో. పెద్దబండి కాలవగట్టు మీద పడవలా సాగిపోయింది. తాతబ్బాయి ఎదురుగా గ్లాసుతో మంచినీళ్ళు పెట్టుకున్నాడు. చుక్క ఒలకలేదు. "చూశావా అబ్బులూ, చాసిస్ అంటే ఇదీ" అన్నాడు. కానీ అంత బరువు తొక్కుకుంటూ పోతుంటే మట్టిరోడ్డు ఊరుకుంటుందా? ఉన్న గతుకులు గోతులయ్యాయి, గోతులు గుంటలయ్యాయి. వెనక పోలయ్య ఆ గుంటల్లో పడుతూ, లేస్తూ, హారన్ కొడుతూ, చెయ్యి బయటపెట్టి ఊపుతూ వస్తున్నాడు.

"పోలయ్య చెయ్యూపుతున్నాడన్నయ్యా."

"మనమూ ఊపుదాం" అన్నాడు తాతబ్బాయి. ఇద్దరూ ఊపారు. అంతే, ఆటో గుంటలో పల్టీ కొట్టింది.

దొరబాబు వంటల దగ్గర పొయ్యిలు మండుతున్నాయి. గుండిగల్లో నీళ్ళు మరుగుతున్నాయి. గుడ్లు రావడమే ఆలస్యం. ఇంతలో బండి వచ్చి ఆగింది. తాతబ్బాయి దిగి, గుమ్మం తొక్కకుండా గెంతి, లోపలికొచ్చి చేతులు కట్టుకున్నాడు. ఏడాది బతుకూ ఈ ఒక్క క్షణం మీదే ఉంది మరి. దొరబాబు వెళ్ళి బండి మీద టార్పాలిన్ ఎత్తి చూశాడు.

"ఇవేంటి?"

"రాళ్ళండి. బాగా చూసుకోండి. ఒక్కటి కూడా పగల్లేదు."

"గుడ్లేవయ్యా?"

తాతబ్బాయి వెనక్కి చూపించాడు. అప్పుడే పోలయ్య ఆటోని తోసుకుంటూ వస్తున్నాడు. ఆటో నుంచీ, పోలయ్య నుంచీ పచ్చసొన ధారగా కారుతోంది. మీసానికి ఒక పెంకు అతుక్కుని ఉంది. మొత్తం ట్రేలన్నిట్లో మిగిలిన పెంకుల్లో అదే పెద్దది.

దొరబాబు బోర్లించిన గుండిగ మీద కూలబడ్డాడు. తరవాత లేచి, రెండు చేతులూ జోడించి నెత్తి మీద పెట్టుకుని అన్నాడు.

"నీదయ్యా తాతబ్బాయ్ బుర్రంటే. నీలాంటివాడు ఈ జిల్లాలో ఉండడు. గుడ్లొద్దు బాబూ, ఏమీ వద్దు. ఇంక ఏడాది పొడుగునా వారం వారం నాకీ రాళ్ళే పంపించు. వండుకుని పులుసు పెట్టుకుంటాను."

ఎన్నాళ్ళుగానో ఎదురుచూసిన మాట. పరాయి మనిషి, పదిమంది వంటవాళ్ళ ముందు, దండం పెట్టి మరీ అన్నాడు. తాతబ్బాయి కండువాతో కళ్ళొత్తుకుని, రాళ్ళన్నీ వాకిట్లో దింపించాడు. బండి మరీ తుళ్ళకుండా కాసిని మాత్రం ఉంచుకున్నాడు. దొరబాబు కేకలు వేస్తూనే ఉన్నాడు. సంతోషం పట్టలేక అరుస్తున్నాడనుకుని వీళ్ళు మళ్ళీ గుమ్మం దాటి వచ్చేశారు.

ఇంటికొచ్చి చెబితే మాణిక్యం ఎర్రనీళ్ళు దిగదీసింది. బండికి రెండో కాఫీ కూడా పోసింది. అందరూ కాస్త కుదుటపడ్డాక అబ్బులికి అనుమానం వచ్చింది.

"అన్నయ్యా, వారం వారం బండెడు రాళ్ళు ఎక్కణ్ణుంచి తెస్తాం? మన ఏటి లంకల్లో ఎంత తవ్వినా ఒండ్రుమట్టే గదా. నాన్న రాళ్ళయిపోయాయి."

ముగ్గురికీ దిగులు పట్టుకుంది. ఏడాది బేరం వచ్చినట్టే వచ్చి జారిపోయేట్టుంది. అప్పుడు మాణిక్యం లేచి బండిలో మిగిలిన రాళ్ళ వైపు చూసింది.

"ఇందులో దిగులేముందండీ? గుడ్లు పొదిగిస్తే కోళ్ళొస్తున్నాయి. రాళ్ళు పొదిగిస్తే రాళ్ళు రావా?"

ఇంకేముంది, గంపల్లో గడ్డి పరిచారు. ఒక్కో గంపలో మూడేసి రాళ్ళు పెట్టి, పొదుగు మీదున్న నాటుపెట్టల్ని తెచ్చి కూర్చోబెట్టారు. పెట్టలు కూర్చున్నాయి. అటూ ఇటూ సర్దుకున్నాయి. కిందకి తొంగి చూశాయి. ముక్కుతో ఒకసారి టకటకలాడించి, లేచి, రెక్కలు దులుపుకుని వెళ్ళిపోయాయి. మళ్ళీ పట్టుకొచ్చి పెట్టారు. మళ్ళీ లేచి వెళ్ళిపోయాయి.

తాతబ్బాయి జాలిగా నిట్టూర్చాడు. "ఎంతైనా కోళ్ళు గదే. వాటికి మనంత తెలివి ఎక్కడుంటది?"

పంచె సర్దుకుని, అన్నిట్లోకీ పెద్ద గంప చూసుకుని, జాగ్రత్తగా రాళ్ళ మీద తనే కూర్చున్నాడు.

"పిల్లరాళ్ళు బయటపడేదాకా నన్ను కదపకండి" అన్నాడు.

ఇప్పటికీ ఎవరూ కదపలేదు.