పొద్దున్నే బోడిగుట్టకు

అనగనగా ఒక అడవిలో ఒక వాగు ఉండేదర్రా. పేరు గువ్వలవాగు. వానాకాలంలో ఉండేది, చలికాలంలో ఉండేది, ఎండలు ముదిరేసరికి మాయమైపోయేది. మరి అప్పుడు జంతువులు ఏం తాగుతాయి? అదే కదా ఈ కథంతా! కదలకుండా కూర్చుంటే చెబుతాను.

ఆ అడవిలో నల్లెమ్మ అనే ఎలుగుబంటి ఉండేది. తనకి ఇద్దరు పిల్లలు, కూతురు పెద్దకూన, కొడుకు చిన్నకూన. చిన్నవాడు గుండ్రంగా ఉంటాడని అందరూ బొద్దుగాడు అనేవాళ్లు. ఒక ఎండాకాలం నీళ్ల కోసం ముగ్గురూ అడవి దాటి ఊరి పొలాల దాకా వెళ్లారు. అక్కడొక పాడుబావి ఉంది. దాని చుట్టూ గోడ కూడా లేదు. నీళ్ల వాసన తగిలి పెద్దకూన ముందు పరిగెత్తింది. కాలు జారి లోపల పడిపోయింది. నల్లెమ్మ బావి చుట్టూ తిరుగుతూ గొంతు పోయేలా అరిచింది. ఎంత అరిచినా పెద్దకూన మళ్లీ పైకి రాలేదు.

పాపం నల్లెమ్మ! బొద్దుగాణ్ణి వీపు మీద ఎక్కించుకుని వెనక్కి వచ్చేసింది. తిన్నగా బోడిగుట్ట ఎక్కి కూర్చుంది. ఎవరూ రాని చోటు కదా, కరువుదీరా ఏడవొచ్చు.

ఒకప్పుడు ఆ గుట్ట నిండా చెట్లే. కట్టెలకని కొందరు, బొగ్గులకని కొందరు కొట్టుకుపోయారు. ఇప్పుడది గొరిగిన గుండులా ఉంది. వాన పడితే నీళ్లు ఒక్క క్షణం ఆగవు. మట్టినంతా ఈడ్చుకుంటూ జర్రున వాగులో పడతాయి.

నల్లెమ్మ రోజంతా అక్కడే ఏడ్చింది. కానీ ఏడుస్తున్నామని కడుపు ఊరుకుంటుందా? పొద్దున తిన్న తునికి పళ్లూ రేల కాయలూ అరిగి... అదే, బయటికి వచ్చేశాయి. నవ్వకండర్రా! మీరు వెళ్లరా ఏంటి?

వానలు పడ్డాక నల్లెమ్మ మళ్లీ ఆ గుట్ట ఎక్కింది. కూతురు గుర్తొచ్చినప్పుడల్లా అక్కడికే వెళ్లేది. చూస్తే ఏముంది, తను కిందటిసారి కూర్చున్న చోటే పచ్చగా మొలకలు! వంగి వాసన చూసింది. ఇవి తునికి మొలకలు. అవి రేల మొలకలు. నల్లెమ్మకి ఏడుపు ఆగిపోయింది. తన చిన్నతనంలో ఈ గుట్ట మీద చెట్లుండేవి. అప్పుడు వాగు నడి ఎండల్లో కూడా గలగలా పారేది. ఆ సంగతి మొదటిసారి నల్లెమ్మ మనసులో పడింది.

మరుసటి ఏడు ఎండలొచ్చాయి. వాగు ఎండిపోయి, దాని వంపులో మిగిలిన మడుగు కూడా సగానికి దిగిపోయింది. జంతువులన్నీ దాని చుట్టూ చేరి దిగాలుగా కూర్చున్నాయి. గంగులు అనే ముసలి నక్క గొంతు సవరించుకున్నాడు.

"ఇక్కడ ఇంకేం లేదర్రా. కొండ అవతల పెద్దడవి ఉందట. మూటా ముల్లె సర్దుకుని అందరం అక్కడికి పోదాం" అన్నాడు.

"మనకి మూటలెక్కడివి మామా?" అన్నాయి పిగిలిపిట్టలు.

"మాటవరసకి అన్నానులే. నోరు ముయ్యండి!"

నల్లెమ్మ మెల్లగా ముందుకొచ్చింది. "మామా, నేనొక మాట చెప్పనా? మనమంతా పళ్లు తింటాం కదా."

"తింటాం."

"తిన్నాక... పొద్దున్నే..."

"పొద్దున్నే ఏంటి?"

"అబ్బా, పొద్దున్నే వెళతాం కదా మామా!" అంది నల్లెమ్మ, సిగ్గుతో చచ్చిపోతూ.

పిట్టలు కొమ్మల మీంచి పడిపోయేంతగా నవ్వాయి. బొద్దుగాడు కూడా కిసుక్కుమన్నాడు. నల్లెమ్మ మాత్రం ఆపలేదు.

"అలా వెళ్లేదేదో బోడిగుట్ట మీదికే వెళదాం. గింజలన్నీ అక్కడే పడి మొలుస్తాయి. చెట్లొస్తే వాన నీళ్లు పారిపోకుండా గుట్టలోకి ఇంకుతాయి. గుట్ట తాగిన నీళ్లే మెల్లమెల్లగా మన వాగులోకి ఊరతాయి."

"అంత దూరం ఎవరాపుకుంటారమ్మా! సగం దారిలోనే నా పరువు పోతుంది" అన్నాడు గంగులు.

మళ్లీ నవ్వులే నవ్వులు. నల్లెమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. "మామా, నాకు మిగిలింది వీడొక్కడే. వాగు ఎండితే వీడు కూడా ఏదో ఒక రోజు ఆ బావి దారి పడతాడు. నాకు భయంగా ఉంది" అంది.

ఆ మాటకి ఎవరూ నవ్వలేదు. వీరన్న లేచాడు. వీరన్న అంటే అడవిపంది. "నేనొస్తాను నల్లెమ్మా. గుట్ట మీద దుంపలేమైనా ఉంటే అవీ తవ్వుకోవచ్చు" అన్నాడు. పిట్టలు కూడా వస్తామన్నాయి. గంగులు మాత్రం మూతి తిప్పుకున్నాడు.

ఇక చూడాలి ఆ సంబడం! తెల్లారితే చాలు, నల్లెమ్మ ముందు, బొద్దుగాడు వెనక, వీరన్న ఆ వెనక, పైన పిట్టలు, అంతా హడావిడిగా గుట్టకి ప్రయాణం. ఎండాకాలమంతా ఒక్క రోజు కూడా మానలేదు. గుట్ట మీద ఎటు చూసినా గింజలే.

తొలకరి పడింది. మామూలుగా పడిందా? కుండపోత! గింజలన్నీ కొట్టుకుపోయి వాగులో తేలాయి. నల్లెమ్మ వాన వెలిశాక వచ్చి చూసి కూలబడిపోయింది. వీరన్న దుంపల కోసం కింది నుంచి పైకి తవ్విన గాడులు ఇంకా పెద్ద గండ్లయ్యాయి. కానీ ఒక్కచోట మాత్రం నీళ్లు నిలిచి ఉన్నాయి. వాటి అంచున గింజలు ఒక్కటీ పోలేదు.

"వీరన్నా, ఇక్కడేం చేశావు?"

"ఏం లేదమ్మా. బండ అడ్డొచ్చింది. పైకి పోలేక పక్కకి తవ్వుకుంటూ పోయాను."

నల్లెమ్మ గబుక్కున లేచింది. "అయితే ఇక మీద గుట్టంతా పక్కకే తవ్వు నాయనా! నిలువునా తవ్వితే నీళ్లకి దారిచ్చినట్టే. అడ్డంగా తవ్వితే ఆగుతాయి."

వీరన్న మూతితో, నల్లెమ్మ గోళ్లతో గుట్ట చుట్టూ వరసలు వరసలుగా అడ్డం గాడులు తవ్వారు. పిట్టలు మళ్లీ గింజలు తెచ్చాయి. ఈసారి వానకి ప్రతి గాడీ నిండింది. గడ్డి లేచింది. ఆ గడ్డి చాటున రేగు, తునికి, రేల మొలకలు తలలెత్తాయి.

ఒక రోజు పొద్దున్నే గంగులు కూడా గుట్ట మీద కనబడ్డాడు. "ఏం మామా, ఇలా వచ్చావు?" అంది నల్లెమ్మ.

"ఊరికే. ఇక్కడ గాలి బాగుంటుందని" అన్నాడు, ఎటో చూస్తూ. నోటి చుట్టూ రేగుపళ్ల గుజ్జు అంటుకుని ఉంది. నల్లెమ్మ నవ్వాపుకుంది.

ఆ ఏటి చలికాలంలో మొక్కల మధ్య పెద్ద చెదపుట్ట లేచింది. ఎలుగులకి చెదలంటే ప్రాణం. బొద్దుగాడు గోళ్లు చాచాడు. "అమ్మా, తవ్వనా? ఆకలేస్తోంది" అన్నాడు.

నల్లెమ్మకీ ఆకలిగానే ఉంది. "వద్దు నాన్నా. పుట్ట తవ్వితే చుట్టూ ఉన్న మొక్కలు పెళ్లగిలిపోతాయి. పద, కింద వేరే పుట్ట వెతుకుదాం" అంది. వాడు అలిగాడు. అయినా తల్లి వెనకే దిగాడు.

మూడో ఎండాకాలం వచ్చింది. అది మామూలు ఎండ కాదు. మడుగు అడుగుదాకా ఇంకిపోయి నెర్రెలు విచ్చింది. గుట్ట మీద మొక్కలు ఇంకా నల్లెమ్మ ఎత్తుకి కూడా రాలేదు.

"నీ తప్పేం లేదమ్మా. చేయగలిగినంతా చేశాం. రేపు బయల్దేరదాం. నీ పిల్లాడి ప్రాణం కన్నా ఎక్కువా ఈ గుట్ట?" అన్నాడు గంగులు. ఈసారి వెటకారం లేదు, ప్రేమగానే అన్నాడు.

నల్లెమ్మ గుట్ట వైపు ఒకసారి చూసింది. చివరికి "సరే మామా" అంది.

తెల్లారి లేచి చూస్తే పక్కన బొద్దుగాడు లేడు!

"బొద్దూ!" అని పిలిచింది. బదులు లేదు. దప్పికతో బావి దారి పట్టాడేమో! అంతే, పరుగు. ముళ్లు గుచ్చుకున్నా చూసుకోలేదు. వీరన్న వెంటపడి పిలుస్తున్నా వినిపించుకోలేదు. పాడుబావి దగ్గరికి వెళ్లి, కళ్లు మూసుకుని, మళ్లీ తెరిచి, లోపలికి తొంగి చూసింది. ఎండుటాకులు తప్ప ఏమీ లేవు. హమ్మయ్య అనుకుంది. మరి వాడేడి?

ఏడుస్తూ వాగు వెంబడి వెనక్కి వచ్చింది. గుట్ట మొదట్లో, వాగు వంపులో, ఇసుకలో నల్లగా ఏదో పడి ఉంది. వీపు పైకి, తల కిందికి. కదలడం లేదు.

"ఓరి నా తండ్రీ!" అంటూ వెళ్లి మీద పడింది.

బొద్దుగాడు ఉలిక్కిపడి తలెత్తాడు. మూతి నుంచి నీళ్లు కారుతున్నాయి.

"అమ్మా, గుట్టకి వెళుతుంటే ఇక్కడ ఇసుక చల్లగా తగిలింది. తవ్వాను. చూడు!"

చెలమ! చిన్న గుంట. ఇసుకలోంచి తేటగా నీళ్లు ఊరుతున్నాయి. గుట్ట వైపు నుంచే ఊరుతున్నాయి. బొద్దుగాడు తాగినంత మేరా చూస్తుండగానే మళ్లీ నిండింది.

"చెప్పకుండా వస్తావురా? నా ప్రాణాలు తీద్దామనే?" అని నల్లెమ్మ వాడి వీపు మీద ఒక్కటిచ్చింది. వెంటనే దగ్గరికి లాక్కుని తలంతా నాకేసింది.

వీరన్న వచ్చాడు. పిట్టలు వచ్చాయి. పెద్దడవికి బయల్దేరిన గంగులు కూడా ఆ సందడి విని ఆగిపోయాడు. ఒకరి తర్వాత ఒకరు తాగారు. ఎందరు తాగినా చెలమ నిండుతూనే ఉంది. గంగులు మూతి తుడుచుకుని, ప్రయాణం మాట ఇక ఎత్తలేదు.

నల్లెమ్మ మాత్రం ఇంకా తాగలేదు. కొడుకు వైపే చూస్తూ కూర్చుంది. కళ్ల నుంచి ధారలు కారుతున్నాయి.

"నీళ్లు దొరికితే ఏడుస్తావేంటమ్మా?" అన్నాడు బొద్దుగాడు.

"ఏడవడం లేదురా. నువ్వు తాగు" అంది నల్లెమ్మ. "ఇంకా తాగు. కడుపు నిండా తాగు."

నీతి: వాగు బతకాలంటే దాని తలాపున ఉన్న గుట్టను ముందు బతికించుకోవాలి, అది ఒక్కరి వల్ల అయ్యే పని కాదు, ఆ నీళ్లు తాగే వాళ్లందరూ ఓపికగా, రోజూ తలో చెయ్యీ వెయ్యాలి.