కొలిమిలో దొంగ

మోనాచారి కొట్టిన కత్తులు మళ్లీ తిరిగొచ్చాయి. కల్లుకు తాటిచెట్లు గీసే గౌండ్ల పెద్ద సోమయ్య వాటిని తెచ్చి కొలిమి ముందు పడేశాడు. అంచులు పెచ్చులూడి ఉన్నాయి.

“చారీ, మీ తాత చేసిన కత్తితో మా నాయన జన్మంతా గీసిండు. నీ కత్తి నాలుగు చెట్లకు ఆగుతలేదు. మీ ఇంటి మీద గౌరవంతోని ఇంకొక్క కత్తి చూస్తం. అదీ ఇట్లనే ఉంటే పట్నంల కంపెనీ కత్తులు కొనుక్కుంటం.”

ఒకప్పుడు ఆ వీధి పొడుగునా కొలిమిలే. ఇప్పుడు మిగిలినవి రెండు. ఒకటి మోనాచారిది, ఇంకొకటి అతని చిన్నాయన కొడుకు పాపాచారిది. ఈ గౌండ్లు కూడా పోతే మోనాచారి కొలిమి ఆరినట్టే.

అతను మౌలాలి ఫకీరు దగ్గరికి పరుగెత్తాడు. చిన్నప్పటి నుంచి ఆయన మాటే అతనికి వేదం.

“తాతా, ఇది పాపాచారి పనే. నా ఇనుములో ఏదో కలుపుతుండు. లేకుంటే మందు పెట్టించిండు. వాడి పేరు నీ నోటితోని చెప్పు, చాలు.”

“పద, కత్తి చేద్దాం. తిత్తి నేను ఊదుతా,” అన్నాడు ఫకీరు.

దారిలో మోనాచారికి గుర్తొచ్చింది. నిన్న ఈయన పాపాచారి అరుగు మీద కూర్చుని చాయ్ తాగాడు. ఎందుకు తాగాడు?

ఇద్దరి తండ్రులూ బతికున్నప్పుడు ఒకే కొలిమిలో ఒకరు తిత్తి ఊదితే ఒకరు పట్టకారు పట్టేవారు. వాళ్లు పోగానే, పదును పెట్టే రహస్యం పాపాచారి ఎత్తుకుపోతాడని మోనాచారి వేరుపడ్డాడు. కూలికి వచ్చినవాళ్లనూ నమ్మలేదు. తిత్తీ తనే, పట్టకారూ తనే. ఆ వీధిలో ఒక్కో కొలిమీ అట్లా తలుపులు బిగించుకునే ఆరింది. కంపెనీ కత్తులు తర్వాత వచ్చాయి.

ఫకీరు తిత్తి ఊదాడు. మోనాచారి సుత్తి దెబ్బలకు ఇనుము కత్తి అయింది. ఇక కాల్చి నీళ్లలో ముంచి పదును పెట్టడమే తరువాయి.

“తాతా, జర బయట కూచుంటావా?”

ఫకీరు లేచి బయటికి పోయాడు.

మోనాచారి తలుపు గొళ్లెం పెట్టాడు. తిత్తి ఊది పట్టకారు దగ్గరికి, పట్టకారు వదిలి తిత్తి దగ్గరికి ఉరికాడు. కత్తి మొన తెల్లబడింది, పిడి వైపు నల్లగానే ఉంది. అట్లాగే ముంచాడు. నీళ్లలో టప్పుమంది.

గొళ్లెం తీశాడు. ఫకీరు లోపలికి వచ్చి పగిలిన కత్తి వైపు చూడనైనా లేదు. బొగ్గుల గంప ఎత్తి కింద చూశాడు. తిత్తి వెనక చూశాడు. వంగి నీళ్లతొట్టిలో చెయ్యి పెట్టి కెలికాడు.

“ఏం దేవులాడుతున్నవు తాతా?”

“పాపాచారిని. ఇక్కడే యాడనో దాక్కుని ఉండాలె గద.”

మోనాచారికి ఒళ్లు మండింది.   తనే పెట్టుకున్న గొళ్లెం వైపు, ఊదే మనిషి లేని తిత్తి వైపు చూశాడు.

తర్వాత బయటికి నడిచి, పాపాచారి తలుపు తట్టాడు. తలుపు జానెడు తెరుచుకుంది.

“ఎందుకొచ్చినవ్? నా పని చూసి పోదామనా?”

“తిత్తి ఊదనీకి.”

పాపాచారి అతన్ని కింది నుంచి పైదాకా చూశాడు. గొళ్లెం మీది నుంచి చెయ్యి తీయలేదు. తలుపూ మూయలేదు.