చెంగక్క పేరు, కొండల మాట

ఒకప్పుడు కొండలు మాట్లాడేవి. మనం అన్నది తిరిగి అనడం కాదు, సొంతంగా, నోరారా మాట్లాడేవి. చేలో పడ్డ మేకలను అదిలించేవి. వాన ఎప్పుడు కురిపిస్తారని మబ్బులను నిలదీసేవి. ఏ దారి ఎటు పోతుందో బాటసారులకు చెప్పేవి. కొండ నోట వచ్చిన మాటంటే అందరికీ అంత నమ్మకం.

ఆ రోజుల్లో చెంగక్క అని ఒకావిడ ఉండేది. మొగుడు పోయాడు. ఓబక్క అని ఒక కూతురు, గురప్ప అని ఒక తమ్ముడు. వాళ్ళ ఊళ్ళో కరువు మీద కరువొచ్చి చెరువు అడుగు నెర్రెలు విచ్చింది. చెంగక్క తనవాళ్ళనూ, ఊళ్ళోని ఇంకొన్ని కుటుంబాలనూ వెంటబెట్టుకుని బయలుదేరింది. నడిచి నడిచి నల్లగుట్ట అనే కొండ కిందికి చేరారు. ఇక పిల్లలు ఒక్క అడుగు కూడా వేయలేమన్నారు.

"ఇక్కడ నీళ్ళున్నాయా కొండా?" అని అడిగింది చెంగక్క.

"ఉన్నాయి. నా కడుపులో, బండ కింద ఉన్నాయి. తవ్వగలవా?" అంది నల్లగుట్ట.

"తవ్వకపోతే చస్తాం. చావడానికా ఇంత దూరం వచ్చింది?" అంటూ చెంగక్క గడ్డపార అందుకుంది.

మగవాళ్ళు కాసేపు పొడిచి, చేతులు బొబ్బలెక్కితే కూలబడ్డారు. చెంగక్క కూలబడలేదు. బండ మీద ఎండుకంప పేర్చి మంట పెట్టింది. బండ కాగి పగుళ్ళిచ్చింది. ఆ పగుళ్ళలో గడ్డపార దూర్చి పెళ్ళలు లేపింది. రోజూ అదే పని. ఒకనాడు పెద్ద పెళ్ళ ఒకటి జారి ఆమె కాలి మీద పడింది. కాలు నుజ్జయింది. నెత్తురు బండంతా పారింది. ఆ పెళ్ళ లేచిన చోటునుంచే చల్లటి నీళ్ళు బుడబుడమంటూ పైకొచ్చాయి.

పిల్లలు బోర్లా పడుకుని తాగారు. పెద్దలు తాగుతూ ఏడ్చారు. ఊట పక్కనే గుడిసెలు వెలిశాయి.

ఆ ఊరికి ఎవరూ కూర్చుని పేరు పెట్టలేదు. పాడంటే ఆ కాలంలో ఊరు. దారిన పోయేవాళ్ళు "ఇదేం ఊరు?" అంటే, "చెంగక్క నీళ్ళు తీసిన పాడు" అని చెప్పేవాళ్ళు. అనగా అనగా అది చెంగపాడయింది. ఓబక్కకు ఆడపిల్ల పుడితే చెంగి అని పేరు పెట్టుకున్నారు.

అన్నీ కుదురుకున్నాక వచ్చాడు వీరమల్లుడు. గుర్రమెక్కి, కర్రలు పట్టిన మనుషులను వెంటేసుకుని వచ్చాడు. ఊటలో నీళ్ళు కడుపారా తాగి, మూతి తుడుచుకుని, "ఇదేం ఊరు?" అన్నాడు.

"చెంగపాడు దొరా."

"చెంగ ఎవరు?"

కుంటుకుంటూ కుండ మోసుకొస్తున్న చెంగక్కను చూపించారు. వీరమల్లుడు పగలబడి నవ్వాడు.

"ఒక కుంటిదాని పేరా ఊరికి? ఇవాళ్టినుంచి ఇది వీరమల్లాపురం. పాత పేరు పలికినవాళ్ళకు ఈ ఊటలో చుక్క నీళ్ళు లేవు." ఓబక్క చంకలోని పసిదాన్ని చూశాడు. "దీని పేరేంటి?"

"చెంగి," అంది ఓబక్క.

"అదీ మార్చు."

చెంగక్క కుండ దించింది.

"ఎవడివిరా నువ్వు? నా కాలు ఈ బండ కింద నలిగినప్పుడు ఎక్కడున్నావు? నీళ్ళు తాగినవాడివి తాగినట్టు పో! పేరెందుకురా నీకు?"

కర్రల మనుషులు ఆమెను తోసేశారు. ఊట చుట్టూ ముళ్ళకంప వేసి కాపలా కూర్చున్నారు.

ఇంటికొచ్చాక గురప్ప మెల్లగా అన్నాడు. "పేరుతో దాహం తీరుతుందా అక్కా? వాడు అనమన్నదే అందాం. నీళ్ళు దొరికితే చాలు కదా."

"రేపు నీ మనవడు ఈ ఊట ఎవరు తవ్వారని అడుగుతాడు. వీరమల్లుడని చెబుతావా? ఆ మాట చెప్పిన నోటితో ఆ నీళ్ళెట్లా మింగుతావురా?"

గురప్ప తల వంచుకున్నాడు. కానీ తెల్లారి కాపలావాళ్ళ ముందు నిలబడి "వీరమల్లాపురం" అన్నాడు. కుండ నింపుకున్నాడు. అతని వెనక ఒక్కొక్కరూ అన్నారు. చెంగక్క గుడిసె గుమ్మంలో కూర్చుని, పళ్ళు కొరుక్కుంటూ, ఎవరెవరు అన్నారో అందరినీ చూసింది.

ఓబక్క మాత్రం అనలేదు. "నా బిడ్డ పేరు నేను మార్చనమ్మా. పోతాను," అంది. ఇంకొన్ని కుటుంబాలూ మూటలు కట్టుకున్నాయి. చెంగక్క ఆ నలిగిన కాలితో అంత దూరం నడవలేక ఉండిపోయింది.

"పోండి. ఎక్కడ ఆగినా ముందు మీరెవరని అడుగుతారు. చెంగపాటివాళ్ళమని చెప్పండి. గొంతెత్తి చెప్పండి," అంది చెంగక్క.

వాళ్ళు ఒక దిక్కుకు కాదు, తలా ఒక దిక్కుకు పోయారు. పోయిన ప్రతిచోటా ఆ మాటే చెప్పారు.

అది వీరమల్లుడి చెవిన పడింది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఇంకా చెంగపాడనే అంటున్నారని తెలిసింది. జనం కొండ మాట నమ్ముతారు కదా! వాడు నల్లగుట్ట దగ్గరికి వెళ్ళి, "నీ నెత్తిన కోట కట్టిస్తా. జెండా ఎగరేయిస్తా. వచ్చేపోయేవాళ్ళంతా నీకు దణ్ణం పెట్టి పోతారు. నా పక్షాన ఒక్క మాట చెప్పు," అన్నాడు.

నల్లగుట్టకు అప్పటిదాకా ఎవరూ దణ్ణం పెట్టలేదు. అది ఉబ్బిపోయింది. నాలుగూళ్ళ జనాన్ని పోగేసి వీరమల్లుడు అడిగాడు: "చెప్పు కొండా, ఇదేం ఊరు?"

"వీరమల్లాపురం," అంది నల్లగుట్ట పెద్ద గొంతుతో. "ఊట తవ్వించింది వీరమల్లుడే. చెంగక్క ఎవరో నాకు తెలీదు."

గాలి ఆ మాటలను ఊరూరా మోసుకుపోయింది.

చెంగక్క ఊతకర్ర పట్టుకుంది. కాలు ఈడ్చుకుంటూ గుట్ట ఎక్కింది. ఎక్కి, కర్రతో బండ మీద ఠంగుమని కొట్టింది.

"నేనెవరో తెలీదా? నీ కడుపులో దిగినదాన్ని! తవ్వగలవా అని అడిగింది నువ్వు. నా నెత్తురు తాగింది నువ్వు. కర్రలు చూసి నా తమ్ముడు భయపడ్డాడంటే మనిషనుకున్నా. నీకేం భయం? నిన్నెవడు కొడతాడు? ఎందుకు ఆడావు అబద్ధం?"

"అది కాదు చెంగక్కా," అని నసిగింది నల్లగుట్ట. "కోట కడతానన్నాడు..."

"థూ!" అంది చెంగక్క.

అంతలో గాలి సుడి తిరుగుతూ వచ్చింది. దానికీ ఒళ్ళు మండిపోతోంది.

"ఆ అబద్ధాన్ని మోసింది నేను! కొండ మాట కదా అని ఊరూరా పంచాను. ఇక ఏ కొండ మాటా మోయను. మనుషులు అన్నది తెచ్చి మీ మొహాన కొడతా. అదే తిరిగి వాళ్ళ దగ్గరికి పట్టుకుపోతా. అంతకు మించి మీ నోట వచ్చిన ఒక్క అక్షరం నేను మోస్తే చూడండి!"

నల్లగుట్ట నోరు తెరిచింది. ఏదో చెప్పబోయింది. గాలి కదల్లేదు. శబ్దం రాలేదు.

చెంగక్క నిలబడి, ఉన్న కోపమంతా గొంతులోకి తెచ్చుకుని అరిచింది: "చెంగపాడూ!"

గాలి ఆ కేకను ఎత్తుకుపోయి కొండకేసి కొట్టింది.

"చెంగపాడూ!" అంది నల్లగుట్ట.

ఊటలో కుండ ముంచుతున్న గురప్ప చేతిలోంచి కుండ జారిపోయింది. వీరమల్లుడు ఉరుక్కుంటూ వచ్చాడు.

"ఎవర్రా అది? నోర్ముయ్!"

"ఎవర్రా అది? నోర్ముయ్!" అంది కొండ.

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అందరూ నవ్వారు. ఆ నవ్వుతో భయం సగం పోయింది. గురప్ప గట్టిగా "చెంగపాడు!" అన్నాడు. ఊరంతా అందుకుంది. కొండను ఏ కర్రతో కొట్టాలో కాపలావాళ్ళకు తోచలేదు. వీరమల్లుడు తన పేరు తానే అరిచాడు. అరిచినంతసేపే కొండ ఆ పేరు పలికింది. చివరికి గొంతు పోయి, గుర్రమెక్కి, వచ్చిన దారినే పోయాడు. జనం ఊట చుట్టూ ఉన్న కంప పీకి తగలబెట్టారు.

గురప్ప వచ్చి అక్క కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. ఆమె కోపం చల్లారలేదు.

"కొండ అనేదాకా ఆగావు కదరా," అంది.

ఓబక్కా, ఆమెలాగే ఊరు విడిచినవాళ్ళూ ఎన్నో ఊళ్ళలో స్థిరపడ్డారు. చెంగపాటి అన్నదే వాళ్ళ ఇంటిపేరయింది. వాళ్ళ ఇళ్ళలో చెంగి అనే ఆడపిల్లలు పుడుతూనే ఉన్నారు. వాళ్ళలో చాలామంది నల్లగుట్టను చూడనే లేదు.

కొండలన్నీ కలిసి గాలిని ఎంతో బతిమాలాయట. గాలి వినలేదు.

అప్పటినుంచే కొండలకు సొంత మాట లేదు. మనం ఏదంటే అదే అంటాయి. కానీ మీరు పిలిచిన వెంటనే కొండ పలకదు. కాసేపు ఆగుతుంది. తనదంటూ ఒక్క మాటైనా మిగిలిందేమోనని లోపలంతా వెతుక్కుంటుంది. దొరకదు. అప్పుడు మీ మాటే మీకిస్తుంది.