పంతులుగారు ఒప్పుకున్న తప్పు

చయనులుగారికి ఒక అలవాటు ఉండేది. అలవాటనాలో మొండితనమనాలో ఆయన శిష్యులు చివరిదాకా తేల్చుకోలేకపోయారు. ఎవరైనా ఏదైనా అడిగితే ఆయన జవాబు చెప్పేవారు కాదు, పని చెప్పేవారు. నీళ్ళు తోడమనో, ఎద్దుకి గడ్డి వెయ్యమనో, ఫలానావారింటికి వెళ్ళి రమ్మనో అనేవారు. ఆ పని చేసి వచ్చేసరికి అడిగినవాడికి జవాబు దొరికితే దొరికినట్టు, లేకపోతే వాడి ఖర్మ. పాలవెల్లి సంస్థానంలో తగవులు తీర్చే శాస్త్రం చెప్పడంలో ఆయన్ని మించినవారు లేరని పేరు. ఆయన దగ్గర ఎనిమిదేళ్ళు చదివిన కామేశం ఒకనాటి ఉదయం భుజాన పట్టుశాలువాతో పెళ్ళికొడుకులా వెలిగిపోతూ వచ్చి, "గురువుగారూ, నిన్న కచేరీ చావడిలో మనం గెలిచినట్టా, ఓడినట్టా?" అని అడిగాడు.

అడగడానికి అడిగాడు గానీ, గెలిచామనే వాడి నమ్మకం. ఆ ముక్క గురువుగారి నోట వినాలని వాడి సరదా.

పాలవెల్లిలో ఒక ఆచారం ఉంది. దొరగారు ప్రధాన న్యాయాధికారి పదవికి ఎవరినైనా ఎంచితే, ఆ పెద్దమనిషి మూడు రోజులు కచేరీ చావడిలో జనం ఎదుట కూర్చోవాలి. ఆయన చదువేమిటి, నడవడేమిటి, అంతకుముందు చిన్న కచేరీల్లో ఇచ్చిన తీర్పులేమిటి, ఎవరైనా సరే లేచి అడగవచ్చు. మూడో రోజు జేగంట మోగేదాకా ఏ ప్రశ్నకైనా ఆయన జవాబు చెప్పి తీరాలి. గంట మోగిందా, ఇక ఆ పాత తీర్పుల జోలికి ఎవరూ పోకూడదు. మరీ అంతగా ఉంటే ఆ కొత్త న్యాయాధికారికే అర్జీ పెట్టుకోవాలి.

ఈసారి దొరగారు ఎంచింది వల్లభరాయ పంతులుగారిని. మొదటి రోజంతా ఆయన చదువుతోనే సరిపోయింది. కాశీలో పన్నెండేళ్ళు చదివారని ఒకరు, పన్నెండు కాదు తొమ్మిదేనని మరొకరు, అయితే ఆ మూడేళ్ళూ ఏమయ్యాయో తేలాలని ఇంకొకరు. రెండో రోజు నడవడి. ఆయన ఎవరి దగ్గరా ఒక్క మామిడిపండు కూడా పుచ్చుకోలేదని ఈ పక్షంవాళ్ళు అంటే, ఆయనకే మూడు తోటలుండగా ఇంకొకరి పండెందుకని ఆ పక్షంవాళ్ళు. నవ్వులు, చప్పట్లు, వక్కపలుకుల పంపకాలు. జనం పనీపాటా మానుకుని విరగబడి వచ్చారు. రెండు వందల పైచిలుకు తీర్పులిచ్చిన మనిషి కదా, ఆ తీర్పుల కింద పడ్డవాళ్ళు ఏమయ్యారయ్యా అని మాత్రం ఆ రెండు రోజుల్లో ఒక్క పుణ్యాత్ముడూ అడిగిన పాపాన పోలేదు.

మూడో రోజు కామేశం లేచాడు. వాడు ఎత్తుకున్నది పడవ మునిగిన తగవు. అయిదేళ్ళ కిందట, ముసురు పట్టిన ఒక సాయంత్రం, సంత ముగిశాక ఆఖరి పడవ. నది పోటు మీద ఉంది. సుంకంవాళ్ళు తమ ధాన్యం బస్తాలు పద్నాలుగు తెచ్చి, మనుషులు ఎక్కిన పడవలోనే పడేశారు. మునిగిపోతాం బాబూ అని పడవవాడు మొత్తుకుంటే నాలుగు తగిలించి గెడ వెయ్యమన్నారు. నడిఏట్లో పడవ బోల్తాపడి ఎక్కిన నలుగురూ పోయారు, పడవవాడొక్కడే ఈది బయటపడ్డాడు. పడవవాడే అత్యాశకి బరువెక్కించాడని సుంకంవాళ్ళు చెప్పారు. పడవవాడికి పన్నెండేళ్ళ ఖైదు పడింది. కొట్టడం, ఎక్కించడం ఒడ్డు మీంచి చూసింది వాడి పెళ్ళాం ఒక్కతే. ఆమె చెప్పబోతే పంతులుగారు వినలేదు. "భార్య మాట భర్త మాటే. ఒకే మాటను రెండుసార్లు వినవలసిన పని న్యాయస్థానానికి లేదు" అని తీర్పులో రాశారు. ఎంత సొంపుగా అన్నారని పండితులు ఆ వాక్యాన్ని అయిదేళ్ళుగా మెచ్చుకుంటున్నారు.

కామేశానికి ఆ తీర్పు కంఠతా వచ్చు. చయనులుగారి బడిలో పాత తీర్పులకి ప్రతులు రాయించేవారు, పేర్లన్నీ తీసేసి. వాది, ప్రతివాది, ఒకానొక స్త్రీ అనే రాయాలి. పేరు తెలిస్తే మనసు ఒక పక్కకి ఒరుగుతుందని ఆ పద్ధతి పెట్టారు. అందుకని కామేశానికి ఆ తీర్పులో ఏ పంక్తి తర్వాత ఏ పంక్తి వస్తుందో తెలుసు గానీ, ఆ రేవు ఎక్కడో తెలియదు, ఆ పడవవాడెవడో తెలియదు. తెలుసుకోవాలని వాడికి తోచనూ లేదు, అది వేరే సంగతి. నెల రోజులు తిండీ నిద్రా మాని తీర్పులోని తప్పు పట్టుకున్నవాడు, అరకోసు నడిచి ఏటి ఒడ్డుకి వెళ్ళలేదు.

"పంతులుగారూ, చూసింది ఒక్క మనిషి. ఆ ఒక్క మనిషి మాటా తమరు వినలేదు. వినకుండా పన్నెండేళ్ళు ఎలా వేశారు?" అన్నాడు కామేశం.

వల్లభరాయ పంతులుగారు తల వంచుకున్నారు. ఆయన చెడ్డవాడని ఎవరూ అనలేరు, నేనూ అనను. మెల్లగా లేచి, "నాయనా, నేను తప్పు చేశాను. ఆవిడ మాట వినవలసింది" అన్నారు. కళ్ళవెంట నీళ్ళు ధారలు కట్టాయి. గద్దె దిగి వచ్చి, తన భుజం మీది పట్టుశాలువా తీసి కామేశానికి కప్పారు. అంతే! చావడి చావడంతా లేచి నిలబడింది. "ఆహా, ఉంటే ఇలాంటివాడు ఉండాలి న్యాయాధికారి!" అన్నారు. మూడు రోజులుగా ఆయన మీద దుమ్మెత్తిపోసినవాళ్ళే అందరికంటే ముందు పైపంచెతో కళ్ళొత్తుకున్నారు.

గంట దగ్గరి భటుడు ఆచారం ప్రకారం ఆఖరి ప్రశ్న వేసినవాణ్ణి, అంటే కామేశాన్ని, "ప్రశ్న అయినట్టేనా అండీ?" అని అడిగాడు. అప్పుడు వెనక, స్తంభం పక్కన, నీరుకావి చీర కట్టుకున్న ఒక ఆడమనిషి లేచి నిలబడి, "అయ్యా..." అంది. కామేశం చూశాడు. ఎవరో ఏదో గోడు చెప్పుకోవడానికి వచ్చినట్టుంది, దానికి ఇదా సమయం, అనుకున్నాడు. కూర్చోమని చెయ్యి ఊపాడు. ఆమె కూర్చుంది. "అయింది" అన్నాడు కామేశం. జేగంట మోగింది.

అదీ నిన్నటి కథ. ఇప్పుడు వాడు అడిగినదానికి చయనులుగారు శాలువా వంక ఒకసారి, వాడి మొహం వంక ఒకసారి చూశారు.

"అరుగు చివర ఒకావిడ కూర్చుంది, చూశావా? జైలుకి అన్నం పట్టుకెళుతోంది. బుట్ట బరువుగా ఉన్నట్టుంది. కాస్త సాయం వెళ్ళి రా" అన్నారు.

కామేశానికి చిర్రెత్తింది. ఊరు ఊరంతా తన పేరే చెప్పుకుంటూంటే బుట్ట మొయ్యడమా! అయినా గురువుగారి మాట కనక బుట్ట అందుకున్నాడు. ఆవిడ లేచి, చీరకొంగు భుజాల నిండా కప్పుకుని, రెండడుగులు ఎడంగా నడవడం మొదలుపెట్టింది. నీరుకావి చీర. నాలుగిళ్ళు దాటాక ఆవిడే పలకరించింది.

"తవరే గదండీ బాబూ, నిన్న నన్ను కూకోమన్నది?"

"నువ్వెవరమ్మా?" అన్నాడు కామేశం. అంటూండగానే వాడికి సగం తెలిసిపోయింది.

"నూకాలంటారండి నన్ను. మరిడయ్య పెళ్ళాన్నండి, పడవ మరిడయ్య. అయిదేళ్ళనాడు నా మాట ఇనలేదని పంతులుగారిని అడిగారు గదండి తవరు? ఆ మడిసిని నానేనండి."

కామేశం అక్కడే నిలబడిపోయాడు. ఆవిడ కూడా ఆగింది.

"నానేం అల్లరి సెయ్యడానికి లెగలేదండి. తప్పేనని పెద్దాయన ఒప్పేసుకున్నారు గదా, మరి మా మావని ఎప్పుడొదుల్తారో అడుగుదావని లెగిసానండి. అంతేనండి. పొద్దున్నే వచ్చి మీ గురువుగారిని అడిగితే, నాకు తెలవదు, మా శిస్యుణ్ణి అడుగమ్మా అన్నారు. ఎప్పుడొదుల్తారండి బాబూ?"

గంట మోగకముందు ఆ మాట పైకి వచ్చి ఉంటే పంతులుగారు చెప్పి తీరవలసి వచ్చేది. ఆ కన్నీళ్ళతో, ఆ జనం ఎదుట, రేపే వదలమని తప్ప ఇంకోలా చెప్పగలిగేవారు కాదు. తన చెయ్యి ఒక్కటి గాలిలో ఆడకపోతే మరిడయ్య ఈపాటికి ఇంట్లో ఉండేవాడు. ఇది తెలిసి కామేశానికి తల కొట్టేసినట్టయింది. "చూద్దాం పదమ్మా" అన్నాడు.

జైలు గుమ్మం దగ్గర జమేదారు శాలువా గుర్తుపట్టి ఎదురొచ్చాడు. "తమరేనా అండీ! పంతులుగారు నిండు చావడిలో తప్పొప్పుకున్నారటగా. మా ఆవిడ విని ఏడ్చేసిందండి. అబ్బ, ఎంత గొప్ప మనసండీ ఆయనది!"

"మరి మరిడయ్యని వదిలెయ్యరూ?"

"కాయితం తెచ్చారా?" అన్నాడు జమేదారు. కామేశం చేతిలో బుట్ట తప్ప ఏమీ కనపడకపోయేసరికి వాడు నొచ్చుకున్నట్టు నవ్వి, "అబ్బే, నన్నేం చెయ్యమంటారు చెప్పండి, ఆయన తప్పొప్పుకున్నారు గానీ ఈణ్ణి వదలమన్లేదు గదా" అని తాళం తియ్యడానికి వెళ్ళాడు.

ఊచల అవతలికి మరిడయ్య వచ్చాడు. ఒకప్పుడు వరదలో గెడ వేసిన మనిషి, చేతులు రెండూ పుల్లల్లా అయిపోయాయి. నూకాలు కామేశాన్ని చూపించి, "నీ గురించి అడిగింది ఈ బాబే మావా" అంది. మరిడయ్య ఊచల్లోంచి రెండు చేతులూ జోడించాడు.

"మీ కడుపు సల్లగుండా! నిన్నటి నించీ జైల్లో ఇదే మాటండి. ఎవరో సదువుకున్న బాబు నీ గురించి నిలబడ్డాడ్రా అన్నారు. ఏ దినాన ఒదుల్తారండి? పడవ ఎండిపోయి బీటలిచ్చుంటది. నానొచ్చేలోగా ఇది తారు తెప్పించి ఉంచుద్ది."

నూకాలు చప్పున అందుకుంది. "కాయితాలు రాత్తన్నారంట మావా. పెద్దోళ్ళ రాతకోతలు, ఒకింత ఆలీసం అవుద్ది. నువ్వు తిను ముందు, సల్లారిపోతంది." ఆ అబద్ధం ఆవిడ తడుముకోకుండా చెప్పింది. మరిడయ్య మళ్ళీ దండం పెట్టి, గోడ పక్కన కూర్చుని ముద్ద కలుపుకున్నాడు. చేపల పులుసు. వాడు తింటున్నంతసేపూ కామేశం నేల చూస్తూ నిలబడ్డాడు.

తిరిగి వచ్చేటప్పుడు నేతగాళ్ళ వీధి మలుపు దగ్గర ఆవిడ బుట్ట తీసుకుని, "ఇంకా ఏడేళ్ళండి బాబూ" అంది. తిట్టలేదు, శాపం పెట్టలేదు. తిట్టినా బాగుండేది. "నాదేనండి బుద్ధితక్కువ. ఆనాడు పంతులుగారు సాలు కూకో అన్నారు, కూకున్నాను. నిన్న తవరు కూకోమన్నారు, కూకున్నాను. నాను కూకోకుండా ఉండాల్సింది" అని కళ్ళు తుడుచుకుని ఏటివైపు వెళ్ళిపోయింది.

కామేశం బడికి వచ్చేసరికి శాలువా వాడి భుజం మీద లేదు, చంకలో మూటలా చుట్టి ఉంది. చయనులుగారు అరుగు మీద అలాగే కూర్చుని ఉన్నారు. వాడికి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

"ఆవిడెవరో మీకు తెలుసు కదా! నిన్న పొద్దుటే నాకు చెబితే మీ సొమ్మేం పోయింది?" అని గురువుగారి మీద గయ్యిమన్నాడు. ఎనిమిదేళ్ళలో అదే మొదటిసారి.

"నాకు ఇవాళ ఆవిడ చెబితేనే తెలిసిందిరా. పేర్లు తీసేసి రాయమన్న వెధవని నేనే కదూ" అన్నారు చయనులుగారు. ఆ మాట ఆయన వాణ్ణి ఓదార్చడానికి అనలేదు. ఆయన మొహం చూస్తే తెలుస్తుంది.

కామేశం లోపలికి వెళ్ళి, కాగితాలూ సిరాబుడ్డీ కలమూ తెచ్చుకుని ఆయన ఎదురుగా చతికిలబడ్డాడు. "అర్జీ రాస్తాను గురువుగారూ. ఇవాళే రాస్తాను. ఈసారి పేర్లతో సహా రాస్తాను. మరిడయ్య, నూకాలు, రేవు, బస్తాలు, కొట్టిన సుంకంవాళ్ళు, ఒక్కటీ వదలను. చూస్తూ ఎలా ఊరుకుంటారు?"

చయనులుగారు వాడి కలం వైపు చూశారు.

"రాయి. తప్పకుండా రాయి" అన్నారు. "అది వెళ్ళేది వల్లభరాయ పంతులుగారి దగ్గరికే. మెత్తని మనసు ఆయనది. చదివి మళ్ళీ ఏడుస్తారు."